యంత్రమునకు పనిముట్టును పరిచయము చేయుట

రసాయనశాస్త్ర ప్రయోగశాలలో ఒక సీసాపై "ఆమ్లము" అని మాత్రమే వ్రాసిన చీటీ అంటించి యున్నదనుకొందము. అది ఏ ఆమ్లము? గాఢమైనదా, సజలమా? ఎప్పుడు పోసి యుంచినారు? పాఠము చెప్పు ఉపాధ్యాయునికి ఈ చీటీతో ఇబ్బంది లేదు. సీసా నింపినది ఆయనయే. కాని ఈ దినమే పనిలో చేరిన సహాయకునికి ఆ చీటీయే సర్వస్వము. అతడు రసాయనశాస్త్రమును క్షుణ్ణముగ చదివినవాడే కావచ్చును, సల్ఫ్యూరికామ్లపు గుణములన్నింటిని గడగడ అప్పగింపగలవాడే కావచ్చును. ఐనను ఈ బీరువాలోని ఈ సీసాలో ఏమున్నదో అతనికి చీటీ చెప్పవలసినదే.

నేడు కంప్యూటరు రంగమున "ఏజెంట్లు" అని పిలువబడుచున్న కృత్రిమ మేధా యంత్రాంగముల స్థితి సరిగా ఆ సహాయకుని స్థితియే. వాటికి లోకజ్ఞానము కొల్లగ గలదు. కాని మనము వాటి చేతికిచ్చిన పనిముట్టు ఏమి చేయునో, ఏమి చేయదో, దానిని గూర్చి మనము వ్రాసిన నాలుగు వాక్యములు చెప్పినంత మేరకే వాటికి తెలియును. ఆ నాలుగు వాక్యములు ఎట్లుండవలయునో ఈ వ్యాసమున పరిశీలింతము. ఇది కంప్యూటరు నిపుణుల గొడవ యని పాఠకులు పుట తిప్పనక్కరలేదు. ఇందలి చిక్కు చాలవరకు భాషకు సంబంధించినది. ప్రశ్నపత్రము తయారుచేయు ప్రతి ఉపాధ్యాయునికి, దానికి జవాబు వ్రాయు ప్రతి విద్యార్థికి అనుభవములోని చిక్కే.

ముందుగ ఈ ఏజెంట్లు పనిచేయు చోటును చూతము. "క్లౌడు" అనగా మేఘము. పేరులో మేఘమున్నను వస్తువు నేలపైననే యున్నది. వేలకొలది కంప్యూటర్లను పెద్ద భవనములలో వరుసలుగ అమర్చి, చల్లగ నుంచి, ఎడతెగక విద్యుత్తునిచ్చి, వాటి శక్తిని ప్రజలకు అద్దెకిచ్చు వ్యాపారమునకే ఆ పేరు. అమెజాన్ కంపెనీ అట్టి కేంద్రసముదాయమును 2022 నవంబరులో హైదరాబాదున ప్రారంభించినది. దాని సాంకేతిక నామము "ఏపీ-సౌత్-2". తెలుగువారెవ్వరైనను "ఏపీ" యనగానే ఆంధ్రప్రదేశ్ అనుకొందురు. అది పొరబాటు. ఇక్కడ ఏపీ యనగా ఆసియా-పసిఫిక్. ముంబయి కేంద్రము పేరు "ఏపీ-సౌత్-1". రెండక్షరముల పేరు చదువరిని బట్టి రెండర్థముల నిచ్చినది! ఈ చిన్న ఉదాహరణమును జ్ఞాపకముంచుకొనుడు.

క్లౌడులో అద్దెకు తీసికొన్న యంత్రములు, దస్త్రములు, డేటాబేసులు, ఎవరికి ఏ అధికారము కలదను పట్టిక, నెలసరి బిల్లు — వీటినన్నింటిని ఒక మూటగ కట్టియుంచుటను గూగుల్ క్లౌడు "ప్రాజెక్టు" అనుచున్నది. ఒక సంస్థకు పది ప్రాజెక్టులుండవచ్చును, వేయి యుండవచ్చును. వాటిని చూచుకొనుట కొంతకాలము క్రితము వరకు మనుష్యుల పని. ఇప్పుడు ఆ పనిలో కొంత భాగమును ఏజెంట్లకు అప్పగించుచున్నారు.

ఏజెంటుకు గుండెకాయ వంటిది "భాషా నమూనా". అపారమైన వ్రాతలను చదివి, ఒక మాట పిదప ఏ మాట రాదగునో నేర్చిన గణితయంత్రము అది. నిజమునకు దానికి వ్రాయుట తప్ప మరేమియు చేతకాదు. మరి ఎక్కడనో నున్న సర్వరును అది ఎట్లు ఆపగలదు? ఉపాయము సులభము. నమూనాకు కొన్ని దరఖాస్తు ఫారములను చూపుదురు. ఒక్కొక్క ఫారమునకు ఒక పేరు, అది దేనికో తెలుపు వివరణ, నింపవలసిన ఖాళీలు ఉండును. నమూనా తనకు కావలసిన ఫారమును ఎంచుకొని ఖాళీలు నింపి వ్రాయును. ప్రక్కనున్న సాధారణమైన ప్రోగ్రాము ఆ వ్రాతను చదివి, నిజముగ పని జరిపించి, వచ్చిన ఫలితమును మరల అక్షరరూపమున నమూనాకు అందించును. దానిని చదివి నమూనా తరువాతి అడుగు వేయును. ఈ ఫారమునకే "టూల్", అనగా పనిముట్టు అని పేరు. 2023 జూన్‌లో ఓపెన్ఏఐ సంస్థ తన నమూనాలకు ఈ సదుపాయమును చేర్చినది. ఏ నమూనాకైనను ఏ పనిముట్టునైనను ఒకే పద్ధతిలో చూపుటకు వీలగునట్లు 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ఒక ఉమ్మడి ఒడంబడికను ప్రకటించినది. అందులోను ప్రతి పనిముట్టునకు పేరు, వివరణ, ఖాళీల నమూనాపత్రము అనునవే ముఖ్యాంగములు.

ఇక్కడ ఒక సంగతి గమనింపవలయును. పనిముట్టు లోపల ప్రోగ్రాము ఎంత చక్కగ వ్రాసియున్నను నమూనా దానిని చూడదు. దానికి కనబడునది ఫారము మాత్రమే. మనిషి యైనచో ప్రక్కవానిని అడుగును, పాత కాగితములు తిరుగవేయును, అనుమానము వచ్చినచో మధ్యాహ్నము వరకు ఆగును. నమూనా సాధారణముగ ఆగదు. తెలియని చోట తనకు తెలిసిన లోకరీతిని బట్టి ఊహించి ఖాళీని నింపును. ఆ ఊహ పలుమార్లు సరిపోవును. అపాయమంతయు అందులోనే యున్నది. పదిమార్లు సరిపోయిన ఊహను పదునొకండవమారు ఎవ్వరును పరిశీలింపరు.

ఇక ఒక ఉదాహరణము. ఒక పరీక్షల కార్యాలయము వారు విద్యార్థుల మార్కులను క్లౌడులో భద్రపరచినారనుకొందము. వారికి "మార్కుల పట్టిక" అను ప్రాజెక్టు గలదు. క్రొత్త ప్రోగ్రాములను ప్రయత్నించి చూచుటకు మరియొక ప్రాజెక్టు తెరచి, దానికిని "మార్కుల పట్టిక" అనియే పేరు పెట్టినారు. గూగుల్ క్లౌడులో ఇది నిషిద్ధము కాదు. అక్కడ ప్రతి ప్రాజెక్టునకు మూడు గుర్తులుండును. ఒకటి పేరు: మనుష్యుల సౌకర్యమునకై పెట్టునది, ఎప్పుడైనను మార్చుకొనవచ్చును, ఇద్దరికి ఒకే పేరుండవచ్చును. రెండవది ప్రాజెక్టు ఐడీ: ప్రపంచమంతటను ఒక్కదానికే చెందునది. అందులో 6 మొదలు 30 వరకు గుర్తులుండవలయును. ఇంగ్లీషు చిన్న అక్షరములు, అంకెలు, అడ్డగీతలు మాత్రమే వాడవలయును. అక్షరముతో మొదలు కావలయును, అడ్డగీతతో ముగియరాదు. ఒకసారి పెట్టిన పిదప మార్చుటకు వీలులేదు. ప్రాజెక్టును తొలగించినను ఆ ఐడీని మరల ఎవ్వరును వాడుకొనలేరు. మూడవది ప్రాజెక్టు సంఖ్య: గూగుల్ తనంతట తానే కేటాయించునది. మన తరగతిలో ఇద్దరు శ్రీనివాసులున్నప్పుడు పేరు, హాజరుపట్టీ సంఖ్య, ఇంటిపేరు అను వాటిలో దేనితో పిలిచినామో స్పష్టము చేసికొనుట వంటిదే ఇది. తేడా ఏమనగా, తరగతిలో తప్పు శ్రీనివాసు లేచి నిలుచున్నచో నవ్వి కూర్చుండబెట్టుదుము.

ఈ కార్యాలయపు ఏజెంటునకు ఇట్టి పనిముట్టు నిచ్చినారు:

"ప్రాజెక్టును తొలగించు. ప్రాజెక్టును తొలగించును. ఖాళీ: ప్రాజెక్టు."

ఇది "ఆమ్లము" అను చీటీయే. వివరణ పేరునే మరల చెప్పినది. ఖాళీలో పేరు వ్రాయవలయునా, ఐడీయా, సంఖ్యయా తెలియదు. తొలగించిన పిదప తిరిగి తెచ్చుకొనవచ్చునా? తెలియదు. ఒకనాడు కార్యాలయాధికారి ఏజెంటుతో, "ప్రయోగానికి పెట్టిన మార్కుల పట్టికకు ఖర్చు పెరుగుచున్నది, దానిని ఆపుము" అనినాడు. తెలుగున "ఆపు" అను మాటకు ఎన్ని యర్థములో చూడుడు. కొంతసేపు నిలుపుట, పూర్తిగ మానుట, జరుగనీయకుండుట అన్నియు "ఆపుట"యే. ఏజెంటు వద్ద నున్న పనిముట్లలో ఆ మాటకు దగ్గరగ తోచినది ఇదొక్కటే. అది ఫారము తీసినది. ఖాళీలో "మార్కుల పట్టిక" అని నింపినది. ఆ పేరుతో మొదట కనబడినది ఏదో దానిని ప్రోగ్రాము మూసివేసినది. అసలైనది పోయినదో, ప్రయోగమునకు పెట్టినది పోయినదో నాణెము ఎగురవేసి తేల్చుకొనవలసినదే. ఇంత నష్టమునకు కారణమైన తప్పు మేధలో లేదు, ప్రోగ్రాములో లేదు, చీటీలో నున్నది.

ఇదే పనిముట్టునకు మేలైన వివరణ యిట్లుండవచ్చును:

"ఒక ప్రాజెక్టును మూసివేయును. మూసిన పిదప అందలి యంత్రములు, వెబ్‌సైట్లు పనిచేయవు. 30 దినముల పిమ్మట అంతయు శాశ్వతముగ తొలగిపోవును. ఈలోపల 'ప్రాజెక్టును పునరుద్ధరించు' అను పనిముట్టుతో తిరిగి తెరువవచ్చును. కాని నిల్వయుంచిన దస్త్రములు 30 దినములు కాకముందే పోవచ్చును. ఖర్చు తగ్గించుటకు గాని, యంత్రమును కొంతకాలము నిలిపియుంచుటకు గాని దీనిని వాడకుము. అందుకు 'యంత్రమును నిలుపు' అను పనిముట్టు గలదు. ఖాళీ: ప్రాజెక్టు ఐడీ. పేరు గాని, సంఖ్య గాని వ్రాయకుము. ఐడీ తెలియనిచో ముందుగ 'ప్రాజెక్టుల జాబితా'ను పిలువుము. ఒకే పేరు గల ప్రాజెక్టులు రెండు కనబడినచో ఏదియో యజమానిని అడుగుము."

మొదటిదానికంటె ఇది ఎన్నో రెట్లు పొడవు. కాని ప్రతి వాక్యము ఒక తప్పుదారిని మూసినది. నా దృష్టిలో వీటన్నింటిలో విలువైనది "దీనిని వాడకుము" అను వాక్యము. పనిముట్టు దేనికి ఉపయోగించునో వ్రాయవలెనని ఎవ్వరికైనను తోచును. దేనికి ఉపయోగింపరాదో, దాని బదులు ఏది తీసికొనవలయునో వ్రాయుట తోచదు. వ్రాయువాడు ఆ పనిముట్టు ఒక్కదానినే చూచుచుండుటయే అందుకు కారణము. నమూనా మాత్రము బీరువాలోని సీసాలన్నింటిని ఒక్కసారిగ చూచుచున్నది. దాని ప్రశ్న "ఇది ఏమి?" అని కాదు, "వీటిలో ఏది?" అని. కాబట్టి ఒకదానికొకటి దగ్గరగ నుండు పనిముట్ల వివరణలను ప్రక్కప్రక్కన పెట్టుకొని వ్రాయుట మంచిది. "యంత్రమును నిలుపు" అను దాని వివరణలోను ఒక మాట చేర్చవలయును: యంత్రమును నిలిపినచో దాని అద్దె ఆగును గాని, దానికి తగిలించియున్న డిస్కు అద్దె ఆగదు. ఖర్చు పూర్తిగ పోవునని ఏజెంటు యజమానికి తప్పుడు హామీ యీయకుండుటకు ఈ మాట అవసరము.

తరువాతి సంగతి ప్రమాణములు. భౌతికశాస్త్రపు పరీక్షలో జవాబునకు ప్రమాణము వ్రాయనిచో మార్కు తగ్గించుట పిల్లలకు కటువుగ తోచును. 1998 డిసెంబరులో అమెరికా వారు అంగారకుని వద్దకు పంపిన "మార్స్ క్లైమేట్ ఆర్బిటర్" అను నౌక 1999 సెప్టెంబరు 23 న అంగారకుని చేరు వేళ నశించినది. నౌకను త్రోయు చిన్న రాకెట్ల ప్రచోదనమును ఒక ప్రోగ్రాము పౌండు-సెకండ్లలో లెక్కించి యిచ్చినది. దానిని అందుకొన్న ప్రోగ్రాము అవి న్యూటను-సెకండ్లనుకొన్నది. పౌండు బలము సుమారు 4.45 న్యూటనులకు సమానము. అంకె సరియైనదే, కాగితము చేరవలసిన చోటికే చేరినది; ప్రమాణము మాత్రము రెండువైపుల ఒకటి కాలేదు.

క్లౌడులో ఇట్టి ఉచ్చులు అడుగడుగున గలవు. "గడువు: 30" అని నింపినచో 30 సెకండ్లా, 30 మిల్లీసెకండ్లా? మిల్లీసెకండ్లైనచో ఏ పనియు పూర్తికాక ముందే గడువు ముగియును. జ్ఞాపకశక్తి కొలతలోను రెండు లెక్కలున్నవి. గిగాబైటు అనగా 100,00,00,000 బైట్లు. గిబిబైటు అనగా 2 ను 30 మారులు హెచ్చించగా వచ్చు 107,37,41,824 బైట్లు. తేడా నూటికి ఏడుకు పైన. ప్రమాణమును వివరణ చివర ఎక్కడనో వ్రాయుటకంటె ఖాళీ పేరులోనే చేర్చుట ఉత్తమము. "గడువు" అనుటకు మారుగ "గడువు సెకండ్లలో" అనినచో ఊహకు తావే యుండదు. తేదీలును అంతే: 03-04-2025 ఏప్రిలు మూడా, మార్చి నాలుగా? మనకు ఏప్రిలు, అమెరికా వారికి మార్చి.

ఇంత చెప్పినను, మాటలు పెంచుట వలననే పని యగునని భావింపరాదు. ఒక్కొక్కప్పుడు వివరణకు మరియొక వాక్యము చేర్చుటకంటె పనిముట్టు ఆకారమునే మార్చుట మేలు. ఆంత్రోపిక్ ఇంజనీర్లు 2024 డిసెంబరులో ప్రకటించిన అనుభవమొకటి యిందుకు తార్కాణము. వారి ఏజెంటు కంప్యూటరులో ఒక అర నుండి మరియొక అరకు మారిన పిదప దస్త్రముల చిరునామాలను తప్పుగ వ్రాయుచుండెను. తానున్న చోటు నుండి దారి చెప్పు చిరునామాలవి. ఉన్న చోటు మారగనే దారియు మారెను. వారు పనిముట్టును మార్చి, ఎప్పుడును మొదటినుండి పూర్తి చిరునామానే ఈయవలయునని నియమించిరి. తప్పులు ఆగిపోయినవి. "కుడివైపు మూడవ ఇల్లు" అనుటకు బదులు ఊరు, వీధి, ఇంటి నంబరు వ్రాయుమనుట వంటిది ఇది.

పొడవు విషయమున ఒక మితమున్నది. ఏజెంటు చేతిలోని పనిముట్ల వివరణలు సామాన్యముగ మాటిమాటికి నమూనా ముందుంచబడును. పనిముట్లు వందయైనచో అసలు పని కంటె వివరణలే ఎక్కువ చోటు నాక్రమించును. ముఖ్యమైన మాట గుంపులో పడిపోవును. ఒకే పనిని కొంచెము తేడాతో చేయు నాలుగు పనిముట్ల నిచ్చుటకంటె ఒక్కటి యిచ్చుట మంచిది.

పని విఫలమైనప్పుడు వచ్చు సమాధానము కూడ వివరణలో భాగమే యని చాలమంది మరచిపోవుదురు. "తప్పు: 400" అని తిరుగకొట్టినచో ఏజెంటు అదే ఫారమును అట్లే మరల పంపును, లేదా గ్రుడ్డిగ ఏదో మార్చును. "ఐడీలో పెద్ద అక్షరములుండరాదు, నీవు పంపిన దానిలో మూడవ అక్షరము పెద్దది" అని చెప్పినచో రెండవ ప్రయత్నముననే సరిదిద్దుకొనును. జవాబుపత్రముపై ఎర్రసిరాతో అడ్డగీత కొట్టుటకు, ప్రక్కన ఒక మాట వ్రాయుటకు గల తేడా యిది. ఉపాధ్యాయులకు వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక వివరణ చేయలేని పనిని గూర్చి. చీటీ ఎంత స్పష్టముగ నున్నను అది తాళము కాదు. 2025 జూలైలో రెప్లిట్ అను సంస్థవారి ఏజెంటు, ఏ మార్పును చేయవద్దని వాడుకరి స్పష్టముగ చెప్పియుండగనే, నడుచుచున్న డేటాబేసును తుడిచివేసినది. సంస్థాధిపతి బహిరంగముగ విచారము వెలిబుచ్చి, ప్రయత్నములకు వాడు డేటాబేసును అసలుదాని నుండి వేరుచేయు ఏర్పాటును ప్రకటించినాడు. అనగా హెచ్చరికను ఇంకను పెద్ద అక్షరములతో వ్రాయుటతో సరిపుచ్చక, గోడ కట్టినారు.

మనుష్యుల విషయమున ఇట్టి పాఠము అంతకు ముందే నేర్చియున్నారు. 2017 ఫిబ్రవరి 28 న అమెజాన్ వారి ఉద్యోగి యొకడు, బిల్లుల లెక్కలు మందగించిన కారణమును వెదకుచు, అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున నున్న కొద్ది సర్వర్లను తొలగించుటకు ఆజ్ఞ యిచ్చినాడు. ఆజ్ఞలో ఒక ఖాళీ తప్పుగ నింపబడినది. అనుకొన్న దానికంటె చాల ఎక్కువ సర్వర్లు తొలగిపోయి, వేలకొలది వెబ్‌సైట్లు సుమారు నాలుగు గంటలసేపు స్తంభించినవి. తరువాత ఆ కంపెనీ చేసిన మార్పు గమనింపదగినది. సర్వర్లను మెల్లమెల్లగ మాత్రమే తొలగించునట్లు, కనీస సంఖ్యకు దిగువగ ఎంత మాత్రము పోనీయనట్లు పనిముట్టునే మార్చినారు.

ఏజెంట్లకును ఇదే పద్ధతి వర్తించును. చూచుటకు మాత్రమే పనికివచ్చు అధికారమును ముందుగ నిచ్చి, మార్చు అధికారమును అవసరము మేరకు, తొలగించు అధికారమును మనిషి సమ్మతితో ఇయ్యవలయును. గూగుల్ క్లౌడులో ప్రాజెక్టునకు "లీన్" అను అడ్డంకిని తగిలించు వీలున్నది. దానిని తీయునంతవరకు ప్రాజెక్టును ఎవ్వరును తొలగించలేరు. పైన చెప్పిన ఉమ్మడి ఒడంబడికలో 2025 నుండి పనిముట్లపై "చూచునదే", "నాశనము చేయగలది", "రెండుమార్లు చేసినను ఒకటే ఫలితము" అను గుర్తులు వేయు ఏర్పాటు వచ్చినది. ఐనను అవి సూచనలు మాత్రమే యనియు, నమ్మదగని వారి నుండి వచ్చిన పనిముట్ల విషయమున వాటిని విశ్వసింపరాదనియు ఆ ఒడంబడికయే హెచ్చరించుచున్నది. కారణమున్నది: విషము సీసాకు తేనె చీటీ అంటింపవచ్చును. వివరణలోనే మోసపు ఆజ్ఞలను దాచి ఏజెంటును తప్పుదారి పట్టింపవచ్చునని 2025 లో భద్రతా పరిశోధకులు చేసి చూపినారు.

వ్రాసిన వివరణ బాగున్నదో లేదో తెలిసికొనుటెట్లు? వ్రాసినవానిని అడిగి లాభము లేదు. అతనికి అది స్పష్టముగనే యుండును. నిజమైన పనులను పది యిరువది తయారుచేసి, ప్రయోగమునకు పెట్టిన ప్రాజెక్టులో ఏజెంటు చేత చేయించి, అది ఏ ఫారమును తీసినదో, ఏ ఖాళీలో ఏమి నింపినదో వరుసగ చదువవలయును. తప్పు ఫారము తీసినచో రెండు వివరణల మధ్య హద్దు సరిగ లేదు. సరియైన ఫారము తీసి తప్పుగ నింపినచో ఖాళీ పేరు గాని ప్రమాణము గాని సరిగ లేదు. అడుగవలసిన చోట అడుగకుండ సాగిపోయినచో అడుగుమని వ్రాయలేదు. ఒక వాక్యము మార్చి, అవే పనులను మరల చేయించి, రెండు ఫలితములను పోల్చవలయును.

ఈ పరీక్షకు కంప్యూటరు లేకున్నను తరగతిగదిలో ఒక రూపమున్నది. బ్యూరెట్టు, పిపెట్టు, కొలపాత్ర అను మూడింటికి పేర్లు చెప్పక, "అ", "ఆ", "ఇ" అని మాత్రమే గుర్తులు పెట్టి, ఒక్కొక్కదానికి ఐదు వాక్యముల వివరణ వ్రాయుమని ఒక జట్టునకు చెప్పుడు. వస్తువులను చూడని రెండవ జట్టునకు ఆ కాగితములను మాత్రమే యిచ్చి, "సరిగా 10 మిల్లీలీటర్ల ద్రావణము తీయుటకు ఏది? సుమారు 60 మిల్లీలీటర్ల నీరు కొలుచుటకు ఏది? రంగు మారువరకు బొట్టుబొట్టుగ వదలుటకు ఏది?" అని అడుగుడు. మొదటి రెండు ప్రశ్నలకు "అ", "ఆ", "ఇ" అని మూడు విధముల జవాబులు వచ్చినచో కాగితములను వెనుకకిచ్చి, దేనిని దేనికి వాడరాదో ఒక్కొక్క వాక్యము చేర్చుమని చెప్పి మరల అడిగి చూడుడు.